ఎం దగ్గర ఇరుక్కున్న కెమెరా

మా అన్నయ్య కూతురికి అయిదేళ్లు. ఫోను ఎత్తి టక్కున నొక్కుతుంది, ఫోటో పడుతుంది. వెలుగు చాలిందా, చెయ్యి వణికిందా అన్న దిగులంతా ఆ ఫోనుదే. "ఆ రోజుల్లో అలా కాదు..." అని నేను మొదలుపెట్టేసరికి ఇంట్లోవాళ్లు ఒకరికి స్టవ్ మీద పాలు, ఇంకొకరికి మేడ మీద బట్టలు గుర్తొచ్చి లేచి వెళ్లిపోతారు. అందుకే మీకు చెబుతున్నాను. మీరయితే ఎక్కడికీ పోరని నమ్మకం (పోయినా నాకు తెలియదు, అదొక సుఖం).

తెలంగాణ రావడానికి ఒకటి రెండేళ్ల ముందు మాట. మేము ఉప్పల్‌లో ఉండేవాళ్లం. నాన్న రైల్వేలో గుమాస్తా, గుడివాడ వైపు నుంచి ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. నాకు డిగ్రీ అయింది. నాన్న కోరిక నేను బీఈడీ చేసి టీచర్ని కావాలని. నా కోరిక ఏమిటో నాకు స్పష్టంగా తెలియదు గానీ, బీఈడీ కాదని మాత్రం తెలుసు. ఆ సమయంలో నాచారం పారిశ్రామికవాడలో స్టీలు గిన్నెలు తయారుచేసే చిన్న కంపెనీలో ఆఫీసు పనికి మనిషి కావాలంటే వెళ్లాను. యజమానిని అందరూ సారు అనేవాళ్లు. మా వైపు మనిషే. ఎంత కోపం వచ్చినా గొంతు పెంచడు. ఇంకా తగ్గిస్తాడు. నా సర్టిఫికెట్లు అటూ ఇటూ తిప్పి, "కొత్త కేటలాగు వేయించాలమ్మా. ఫోటోలు తీయడం వచ్చా?" అన్నాడు. నా దగ్గర మీటలు నొక్కే చిన్న ఫోను ఉండేది. దానితో మా ఇంటి మీద వాలిన పిచ్చుకను ఒకసారి తీశాను. "వచ్చండి" అన్నాను.

"మూడు నెలలు చూడు. ఆ తర్వాత పర్మనెంటు చెయ్యకపోతే నోరెత్తకుండా బీఈడీ ఫారం నింపాలి" అన్నారు నాన్న. సరేనన్నాను. మొదటి రెండు నెలలు బిల్లులు టైపు చేయడంతో గడిచాయి. తర్వాత ఒక సోమవారం సారు పిలిచి నల్లటి పెద్ద కెమెరా ఒకటి నా చేతిలో పెట్టాడు. దాని బరువుకి నా చెయ్యి కిందికి దిగిపోయింది. ఆ కెమెరాని వాళ్ల తమ్ముడు ఏదో విహారయాత్రలో బండ మీద పడేశాడట. పైన గుండ్రంగా ఒక చక్రం ఉంది. దాని మీద పచ్చగా ఆటో అని ఒక గుర్తు, మనిషి బొమ్మ, పువ్వు బొమ్మ, ఇంగ్లీషు అక్షరాలు కొన్ని. ఆ చక్రం కాస్తా ఎం అనే అక్షరం దగ్గర ఇరుక్కుపోయింది. బలవంతంగా తిప్పినా కదలదు. "మిగతావి పనిచెయ్యవమ్మా, ఎం ఒక్కటే పనిచేస్తుంది. ఎం చాలు కదా?" అన్నాడు సారు. ఎం అంటే మామూలు కాబోలనుకుని, "చాలండి" అన్నాను.

గిన్నెల షెడ్డు వెనక చిన్న గది ఇచ్చారు. పక్కనే పాలిష్ సెక్షన్. అక్కడ పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్న ఒకావిడను అందరూ పాలిష్ అక్క అని పిలిచేవారు. నాచారం మనిషే. చేతిలో గిన్నె, నోట్లో మాట, రెండూ తిరుగుతూనే ఉండాలి ఆమెకు. నేను బల్ల మీద ఒక స్టీలు బిందె పెట్టి, కెమెరా గురిపెట్టి, నొక్కాను. తెర మీద కటిక చీకటి. లెన్సు మూత తీయలేదేమోనని చూసుకున్నాను. తీసే ఉంది. వేలికింద ఒక చిన్న చక్రం తగిలితే గిరగిరా తిప్పేసి మళ్లీ నొక్కాను. ఈసారి మొత్తం తెలుపు. బిందె లేదు, బల్ల లేదు, గది లేదు. అక్క నా భుజం మీదుగా తొంగి చూసింది.

"ఏంది పిల్లా, ఒకటి అమాస, ఒకటి పున్నమా? నడిమిట్ల దినాలు లేవా నీ కెమెరాల?"

ఆ నడిమి దినాల కోసమే ఆ సాయంత్రం నుంచి నా వేట మొదలైంది. మా ఇంటికి వెళ్లే దారిలో, రింగు రోడ్డు దగ్గర, మెట్రో స్తంభాల కోసం తవ్విన దుమ్ములో మునిగిపోయిన ఒక చిన్న పాస్‌పోర్టు ఫోటోల స్టూడియో ఉండేది. దాని యజమాని ఆ వీధి మొత్తానికీ మామ. కెమెరా తీసుకెళ్లి ఆయన ముందు పెట్టి, "మామా, ఇది మామూలు దగ్గర ఇరుక్కుపోయింది" అన్నాను. ఆయన కళ్లద్దాలు పైకి నెట్టి చూసి, ఒక నిమిషం పాటు శబ్దం లేకుండా నవ్వాడు.

"మామూలు గాదు బిడ్డా, మాన్యువల్. అంటే అది ఏం జెయ్యది. అన్ని నువ్వే జెయ్యాలె. కెమెరా ఊకనే కూసుంటది, నౌకరీ మొత్తం నీదే."

ఆ పూట ఇంటికి వెళ్లి నాన్నతో ఈ మాట చెబితే బీఈడీ ఫారం ఎక్కడ దొరుకుతుందో కూడా ఆయనే చెబుతారు. అందుకని స్టూలు లాక్కుని కూర్చున్నాను. "అయితే నేర్పండి" అన్నాను.

మామ గుమ్మంలో నిలబడి పాఠం చెప్పాడు. లెన్సులో ఒక రంధ్రం ఉంటుంది, అది కిటికీ. ఎంత తెరిస్తే అంత వెలుగు. దాని వెనక ఒక తలుపు ఉంటుంది, అది షట్టరు. ఎంతసేపు తీసి ఉంచితే అంత వెలుగు. ఇంతవరకూ బాగానే ఉంది. ఆ రంధ్రానికి ఎఫ్ అని పెట్టి నంబర్లు ఇచ్చారట. నంబరు పెద్దదైతే రంధ్రం చిన్నది. ఇక్కడ నా బుర్ర మొరాయించింది. పెద్ద నంబరుకి పెద్ద రంధ్రం ఉండాలి కదా, చెప్పులకైనా గాజులకైనా అంతే కదా అని వాదించాను. మామ ఓపికగా విని, "ఎంసెట్ రాసినవా?" అన్నాడు. రాశాను. "ర్యాంకు ఎంతొచ్చింది?" చెప్పాను. (ఇక్కడ చెప్పను.) "మరి అంత పెద్ద నంబరొస్తే నీకెంత తొవ్వ తెరిచిన్రు? గిదీ గట్లనే. నంబరు పెరిగిన కొద్ది తొవ్వ సన్నగైతది." నంబరు పెరిగితే దారి సన్నమన్న ఆ లెక్కను ఆ రోజు నుంచి ఈ రోజు దాకా నేను మరిచిపోలేదు. మూడోది ఐఎస్ఓ. వెలుగు తక్కువైనప్పుడు దాన్ని పెంచుకోవచ్చట. "మరీ పెంచకు బిడ్డా. ఫోటో మొత్తం ఉప్మా రవ్వ సల్లినట్టు అయితది."

రోజూ ఆఫీసు అయ్యాక అరగంట అక్కడ. మామ ఎదురుగా ఒక కుర్చీ వేసి, అదే కుర్చీని ఇరవై రకాల నంబర్లతో తీయించి, ఒక్కోటీ పుస్తకంలో రాయించేవాడు. ఇంటికొచ్చాక ఆ పుస్తకంలో "100, 8, 1/60, నల్లగా ఉంది" అన్న రాతలు చూసి అమ్మ గుండె పట్టుకుంది. "ఎవరికే షుగరు? నాన్నకా?" అంది. షట్టరు నెమ్మదిగా పెట్టినప్పుడు చెయ్యి కదలకూడదని ఊపిరి బిగబట్టడం సాధన చేసేదాన్ని. ఆ సాధనకు పేపరు చదువుకునే నాన్నే దొరికేవారు. తలుపు చాటున బుగ్గలు పూరించి నిలబడితే ఆయన పేపరు దించి, "ఏమ్మా, నేనేమన్నా పులినా, అలా నక్కి చూస్తున్నావు?" అనేవారు. నేను సమాధానం చెప్పేదాన్ని కాదు. చెబితే ఊపిరి పోతుంది.

రెండు వారాలకు అమావాస్యకీ పున్నమికీ మధ్య తిథులన్నీ నా చేతికొచ్చాయి. గర్వంగా బిందెను మళ్లీ బల్ల మీద పెట్టాను. వెలుగు సరిగ్గా కుదిరింది. కానీ ఫోటోలో బిందె లేదు. బిందె ఆకారంలో మా షెడ్డు ఉంది. పైన ట్యూబులైట్లు, పక్కన కిటికీ ఊచలు, నడుమ ఆకుపచ్చ చుడీదారులో నేను, నా వెనక టిఫిను డబ్బా తెరుస్తున్న పాలిష్ అక్క. గిన్నె మారిస్తే మా ముఖాలు వెడల్పయ్యాయి, చెంబు పెడితే పొడుగయ్యాయి, అంతకుమించి తేడా లేదు. అక్క మాత్రం, "నేను మంచిగనే పడ్డ కదా" అని మురిసిపోయింది.

మామను అడిగితే ఆయన చేతులెత్తేశాడు. "నా దగ్గరికొచ్చేటోళ్లకు మొఖాలే ఉంటయి బిడ్డా, గింత మెరుపు యాడిది?" అన్నాడు. అంటూనే, ఫోటోకి కూర్చున్న ఒకాయన నుదురు నూనెతో మెరుస్తుంటే, కాస్త పౌడరు అద్ది ఆ మెరుపు తీసేశాడు. నాకు దారి దొరికిపోయింది. మర్నాడు అమ్మ పౌడరు డబ్బా ఆఫీసుకు తీసుకెళ్లి, ఆరు గిన్నెలకు శ్రద్ధగా పౌడరు పూశాను. ఫోటోలో షెడ్డు మాయం, నేను మాయం, అక్క మాయం. పొంగిపోయి సారుకి చూపించాను. ఆయన చాలాసేపు చూశాడు. గొంతు తగ్గింది. "ఇవి స్టీలువేనా అమ్మా, సత్తు గిన్నెలా? ముప్పయి రెండు రకాలు తీయాలి. వచ్చే సోమవారం ప్రెస్సుకి పంపాలి. ఆ లోపు నీ వల్ల కాకపోతే బయట స్టూడియోవాళ్లను పిలుస్తాను. అప్పుడిక నీకు ఇక్కడ వేరే పనేమీ ఉండదు, మరోలా అనుకోకు."

మరోలా ఎలా అనుకోవాలో తెలియక గదిలోకి వచ్చేసరికి పాలిష్ అక్క అక్కడ నిలబడి ఉంది. చేతిలో పౌడరు పూసిన గిన్నె.

"ఇది ఎవరు జేసిన్రు?"

"నేనే అక్కా."

"మూడు గంటలు రుద్దిన నేను దీన్ని! అద్దం లెక్క జేసిన. దీనికి నువ్వు స్నో, పౌడర్ పూస్తవా? పెండ్లి పిల్లనా ఇది?"

నాకు అంతవరకూ ఆపుకున్న ఏడుపు వచ్చేసింది. సోమవారం సంగతి, సారు మాట, నాన్న షరతు అన్నీ ఒక్క గుక్కలో చెప్పేశాను. అక్క తన కోపాన్ని ఎక్కడ పెట్టాలో తెలియని మనిషిలా అటూ ఇటూ చూసింది. తర్వాత కొంగుతో గిన్నె మీది పౌడరంతా తుడిచి, నా చెయ్యి పట్టుకుని పాలిష్ సెక్షన్‌లోకి లాక్కెళ్లింది. అక్కడ ఒక గోడకి మాత్రం తెల్లగా సున్నం వేసి ఉంది. గిన్నెను ఆ గోడ వైపు తిప్పి పట్టుకుంది.

"సూడు. గీతలు పడ్డయా లేదా అని మేం గిట్ల సూసుకుంటం. ఏమన్న కనబడుతుందా? నువ్వు? నేను?"

ఏమీ లేదు. గిన్నె మాత్రమే ఉంది. పాలలో ముంచి తీసినట్టు మెత్తగా, అంచు దగ్గర సన్నటి నల్ల గీతతో, ఎంత అందంగా ఉందో.

"గిన్నెకు ఏం సూపిస్తే గదే సూపిస్తది. దానికి నిన్ను సూపిచ్చి, నువ్వు పడొద్దంటే ఎట్ల? తెల్లది సూపియ్యి."

ఆ సాయంత్రం ఇంట్లో తెల్లటివి ఏమున్నాయా అని వెతికాను. దుప్పట్లన్నీ పువ్వులవి. బీరువాలో నాన్న కొత్త పంచెల చాపు కనిపించింది, ఇంకా మడత కూడా విప్పనిది. దాన్ని సంచిలో పెట్టుకున్నాను. మర్నాడు చీపురు పుల్లలూ ప్యాకింగ్ చెక్కలూ కట్టి చిన్న గుడారంలా చేసి, పంచెలు నాలుగు పక్కలా కప్పి, గిన్నెను లోపల పెట్టాను. కెమెరా కన్ను దూరడానికి ఒక చోట కత్తెరతో చిల్లు పెట్టాను. పంచె మందాన వెలుగు తగ్గింది కాబట్టి తలుపు ఎక్కువసేపు తెరవాలి, అరసెకను. అరసెకను చేత్తో పట్టుకోవడం ఎవరి తరమూ కాదు కాబట్టి మామ తన మూడుకాళ్ల స్టాండు ఇచ్చాడు (అసలు కాళ్లు రెండే, మూడోదాన్ని తీగతో కట్టాడు). అంతా సిద్ధం చేసి నొక్కాను. గిన్నె కదిలిపోయింది. మళ్లీ నొక్కాను. మళ్లీ కదిలింది. గిన్నె ఎలా కదులుతుంది? అప్పుడు వినిపించింది, రెండు నెలలుగా వింటూ వినడం మానేసిన చప్పుడు. పక్క షెడ్డులో ప్రెస్ మిషను రేకుని గిన్నెగా మలుస్తూ ధడేల్ ధడేల్మని కొడుతోంది. దెబ్బదెబ్బకీ నేల అదురుతోంది, బల్ల అదురుతోంది, అద్దంలాంటి అక్క పాలిషు అదురుతోంది.

మిషను ఆపమంటే ఎవరాపుతారు? అప్పట్లో కరెంటు కొరత వల్ల వారానికోసారి ఫ్యాక్టరీలకు పవర్ హాలిడే ఇచ్చేవారు. మాకు శుక్రవారం. ఆ రోజు మిషన్లుండవు, మనుషులుండరు, లైట్లూ ఉండవు. సారు దగ్గరికి వెళ్లి శుక్రవారం షెడ్డు తీయించమని అడిగాను. "కరెంటే లేకుండా ఫోటోలు ఎలా తీస్తావమ్మా?" అన్నాడు. "తలుపు ఎక్కువసేపు తెరుస్తానండి" అన్నాను. ఆయనకి ఏం అర్థమైందో గానీ, "వెళ్లేటప్పుడు మాత్రం జాగ్రత్తగా మూసి వెళ్లు" అని తాళాలిచ్చాడు.

శుక్రవారం పొద్దున్నే వెళ్లేసరికి గేటు దగ్గర అక్క కూర్చుని ఉంది. సెలవు రోజు ఎందుకొచ్చావక్కా అంటే, "నా గిన్నెలకు నువ్వు మళ్ల పౌడర్ పూస్తవని. నాకు నీ మీద భరోసా లేదు" అంది. షెడ్డు పెద్ద షట్టరు పైకెత్తాం. నిశ్శబ్దంగా, నీడపట్టున, సమంగా వెలుగు లోపలికొచ్చింది. అంత నిశ్శబ్దంలో ఆ షెడ్డుని అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. అక్క ఒక్కో గిన్నెనూ గుడ్డతో తుడిచి, వేలిముద్ర పడకుండా గుడారంలో పెట్టేది. ఎఫ్ పదకొండు, ఐఎస్ఓ వంద, అరసెకను. వేలు తగిలితే కదులుతుందని టైమరు పెట్టి దూరం జరిగేదాన్ని. మబ్బు పడితే ఒక సెకను. మబ్బు తొలగితే మళ్లీ అర. మధ్యాహ్నం దాకా ఒక్కోటీ, ఒక్కోటీ. అన్నానికి లేద్దామని అక్క అంటే, "ఇంకొక్కటి" అన్నాను. ఆ ఇంకొక్కటి పదిహేను సార్లు అన్నానట, ఆమె లెక్కపెట్టింది. మూడు దాటాక ముప్పయి రెండోది, మూత ఉన్న పెద్ద గంగాళం, పూర్తయింది. ఇద్దరం నేల మీద కూలబడి చల్లారిన అన్నం తిన్నాం.

చేతులు కడుక్కొచ్చి అక్క షట్టరు కింద వెలుగులో నిలబడింది. పద్దెనిమిదేళ్లుగా ఎన్నడూ తడబడని ఆ మనిషి కొంచెం తడబడుతూ, "నాదొకటి దియ్యరాదా?" అంది. "ఓటరు కార్డుల ఒకటున్నది. అండ్ల ఉన్నది నేను గాదు, పోలీసులు పట్టుకొచ్చిన దొంగ."

తీసేస్తానన్నాను. ముప్పయి రెండు తీసిన చెయ్యి! గడపలో గుడారం లేదు, వెలుగు ఎక్కువే, కాబట్టి తలుపు సెకనులో ఎనిమిదో వంతు చాలు. నొక్కాను. అక్క చీర బాగా పడింది, వెనక గోడ బాగా పడింది, ముఖం మాత్రం ఎవరో తడివేలితో తుడిచేసినట్టుంది. మళ్లీ తీస్తే కళ్లు నాలుగొచ్చాయి. "అక్కా, కదలకు." "కదుల్తలేనే." "మాట్లాడకు." "మాట్లాడుతలేనే, నువ్వే మాట్లాడిపిస్తున్నవ్." ఆమె తప్పేమీ లేదు. ఊపిరి తీసే మనిషి గిన్నెలా కూర్చోదు. అప్పుడు నాకు తెలిసింది, నేను నేర్చుకున్నది కెమెరా కాదు, గిన్నెలకు పనికొచ్చే మూడు అంకెలు. వాటినే బట్టీపట్టి ఆ పొద్దంతా మహా ఫోటోగ్రాఫరులా తిరిగాను.

మామని అడగడానికి మామ లేడు. స్టూలు మీద కూర్చుని ఆలోచించాను. మనిషి కదులుతుంది, కాబట్టి తలుపు చప్పున తీసి చప్పున మూయాలి. చప్పున మూస్తే వెలుగు చాలదు. చాలాలంటే కిటికీ పెద్దది తెరవాలి, అంటే నంబరు తగ్గాలి. పదకొండు నుంచి అయిదున్నర దగ్గరికి తెచ్చాను. ఇంకా చాలదు. మామ వద్దన్న రవ్వ కొంచెం పడితే పడనీ అని ఐఎస్ఓ నాలుగు వందలు చేశాను. తలుపు నూట ఇరవై అయిదో వంతు. ఎవరూ చెప్పకుండా, పుస్తకం చూడకుండా, నా అంతట నేను కట్టిన మొదటి లెక్క అది. అలవాటు కొద్దీ బుగ్గలు పూరించి ఊపిరి బిగబట్టి చూస్తుంటే, అక్క నా ముఖం చూసి, "ఏందా మొఖం, పూరీ లెక్క!" అని తల వెనక్కి వాల్చి పగలబడి నవ్వింది. నొక్కాను.

సోమవారం సారు కంప్యూటరులో ముప్పయి రెండూ ఒక్కొక్కటే చూశాడు. చివరికి, "ఇవి మనవేనా అమ్మా?" అన్నాడు. నెల తిరిగేలోపు పర్మనెంటు కాగితం ఇచ్చాడు. నాన్న ఆ కాగితం రెండుసార్లు చదివి సంతోషించి, పంచె కట్టుకుందామని బీరువా తెరిచారు. నేను మళ్లీ మడతపెట్టి యథాస్థానంలో ఉంచిన పంచెకు సరిగ్గా నడిమధ్య, దోసకాయంత గుండ్రటి చిల్లు. నేను వల్లెవేసే ఎఫ్ నంబర్లు రోజూ విన్న మనిషి కదా, దాన్ని వెలుగుకి ఎత్తి పట్టుకుని, అందులోంచి నన్నే చూస్తూ, "ఇంత రంధ్రాన్ని ఎఫ్ ఎంత అంటారమ్మా?" అన్నారు. బీఈడీ మాట ఆ తర్వాత మా ఇంట్లో రాలేదు.

అక్క ఫోటో మామ దగ్గరే అచ్చు వేయించాను. ఆయన కళ్లద్దాలు పైకి నెట్టి చాలాసేపు చూసి, "నెత్తి మీద జాగ ఎక్కువైంది" అన్నాడు. తర్వాత మెల్లగా, "కానియ్, బతికున్న మనిషిని దించినవ్" అన్నాడు. మర్నాడు పాలిష్ సెక్షన్‌లో అక్క చేతులు రెండూ చీరకు తుడుచుకుని ఆ ఫోటో అందుకుంది. మాట్లాడలేదు. ఆమె మాట్లాడకుండా ఉండడం నేను చూసింది అదొక్కసారే. చాలాసేపటికి, "నవ్వితే నేను గిట్లుంటనా?" అంది. "గిన్నేండ్లల్ల ఎవ్వరు చెప్పలే."

ఆ కేటలాగు ఇప్పటికీ నా దగ్గర ఉంది. అప్పుడప్పుడూ తీసి చూస్తే కుక్కరు ఒక పక్కకి ఒరిగి ఉంటుంది, గంగాళం మూత వంకర, రెండు చెంబుల మెడ దగ్గర నీడ తెగింది. ఇవేవీ ఆ శుక్రవారం నాకు కనిపించలేదు. ప్రపంచంలో ఎవరూ స్టీలు గిన్నెను అంత బాగా తీసి ఉండరని అప్పటి నాలోని ఆ పిల్ల మనస్ఫూర్తిగా నమ్మింది, ఎదురు చూసే అన్నాన్ని కూడా పక్కకు నెట్టి. ఇప్పుడు నాకు గిన్నె వెంట్రుకవాసి ఒరిగినా తెలుస్తుంది. ఆ పిల్లను పిలిచి మూత సరిచెయ్యమని చెప్పడానికి మాత్రం నాకు మనసు రాదు. నవ్వుకుని, పేజీ తిప్పేస్తాను.